దూడ వాటా పోగా మిగిలిన శాండ్‌విచ్

ముందుగా ఒట్టు వేస్తున్నాను. నా జీపు స్టీరింగు మీద చెయ్యి వేసి, ఇన్నేళ్లుగా ఘాట్ రోడ్డులో నన్ను లోయలోకి పోనివ్వకుండా ఆపుతున్న బ్రేకు మీద కాలు వేసి మరీ చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. ఎక్కడైనా కల్పన కనిపిస్తే నా నోట్లో దుమ్ము కొట్టండి. దుమ్ముకి మా రోడ్డు మీద కరువు లేదు.

ఇది చదివి మా ఊరివాళ్లు నవ్వుతారని తెలుసు. టూరిస్టులను బొర్రా గుహలకీ కాఫీ తోటలకీ తిప్పడం నా పని. దారి పొడుగునా కథలు చెప్పడం దానికి కొసరు. గుహలో పైనుంచి వేలాడే రాళ్లు వానాకాలంలో చిగుళ్లు వేస్తాయని, గొడుగు తెరిస్తే చిగుళ్లు విరుగుతాయని ఒకాయనకి చెప్పాను. ఆయన పాపం గొడుగు చంకలో పెట్టుకుని, పైనుంచి కారే చుక్కలన్నీ బట్టతల మీద పడుతుంటే కిమ్మనకుండా నడిచాడు. మా రైలు లైనులో సొరంగాలు ఎంత పొడుగంటే, ఓ పెళ్లిబృందం ఒక పెళ్లికొడుకుతో లోపలికి వెళ్లి ఇంకో పెళ్లికొడుకుతో బయటికి వచ్చిందని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నమ్మనివాళ్లు కూడా నవ్వారు. నవ్వినవాళ్లు మరుసటి ఏడు ఫోను చేసి నా జీపే కావాలన్నారు.

కానీ అబద్ధం ఆడటానికి ఒంట్లో ఓపిక ఉండాలి. నేను చెప్పబోయే రోజున నాకది లేదు. అందుకే ఇది నిజం.

చలికాలం సీజను. మంచు చూడటానికి కింది జనమంతా కొండెక్కే రోజులు. ముందుబండి వెనక లైటు తప్ప మరేమీ కనబడనంత మంచులో కళ్లు చిట్లించుకుని నడుపుతుంటే, వెనక సీట్లోంచి "మంచు ఎక్కడ, అన్నా?" అని అడుగుతారు. అద్దం దించి చూపిస్తే చలి అంటారు. ఘాట్‌లో బండి వెనక బండి ఆగిపోతే దిగి ఫోటోలు తీసుకుంటారు, దారి తెరుచుకున్నాక వాళ్లని వెతికి ఎక్కించుకోవాలి. పగలంతా ఇదీ పని. ఇంటికొస్తే ఇంట్లో జ్వరం.

జ్వరం మా ఆవిడది. కాఫీ పళ్లు కోయడానికి వెళ్లి, అక్కడే తోటలో చెట్టు కింద వణుకుతూ కూర్చుండిపోతే తోటివాళ్లు నడిపించుకొచ్చారు. మా వీధి ఆశా వర్కరు వేలు పొడిచి రక్తం చుక్క చూసి మలేరియా అంది, మాత్రలు ఇచ్చింది. మాత్రలు మంచివే. చిక్కంతా అవి లోపల ఉండకపోవడమే. ఖాళీ కడుపున వేస్తే బయటికొచ్చేస్తాయి, కడుపులో ఏదైనా వేద్దామంటే మా ఆవిడకి దేని వాసనా గిట్టడం లేదు. గంజి తెస్తే మొహం తిప్పుకుంది. రాగులతో కాచిన చోడి అంబలి తెస్తే దుప్పటి కప్పేసుకుంది. అన్నం పేరెత్తితేనే వాంతి. రాత్రంతా నేనూ మా అత్తా చెరోపక్క కూర్చుని, ఆమె వణికితే దుప్పట్లు కప్పుతూ, చెమట పడితే తీస్తూ తెల్లవార్చేవాళ్లం. తెల్లారితే నేను స్టీరింగు ముందుకి, అత్త పశువుల దగ్గరికి.

ఆ రోజు పొద్దున ఆశా వర్కరు గుమ్మంలోనే నిలబడి తేల్చి చెప్పేసింది. "రేపు పొద్దుటికి గాని మందు కడుపులో నిలవకపోతే నా వల్ల కాదు అన్నా. ఘాట్ కింద పెద్దాసుపత్రికి తీసుకుపోవాల. సెలైను ఎక్కించాల. ఆలిస్సిం సేస్తే మనిసి దక్కదు, ముందే సెప్తన్నాను."

ఆమె వెళ్లగానే మా ఆవిడ దుప్పటి లోంచి ఒకటే మాట అంది. "నానెల్లను."

ఎందుకు వెళ్లనంటుందో నాకు తెలుసు, అత్తకి తెలుసు. మా మామగారిని అలాగే జ్వరంతో కిందికి దించారు. ఆయన్ని దించడమే ఆలస్యమైపోయింది, తప్పు ఆసుపత్రిది కాదు. కానీ మా ఆవిడకి ఆ ఘాట్ రోడ్డు అంటే నాన్న కూర్చుని దిగి, పడుకుని ఎక్కిన రోడ్డు. అదే రోడ్డు మీద నేను బతుకుతున్నాను, ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోము.

"మరి ఏం తింటావు? ఏది కావాలన్నా తెస్తాను. నోరు తెరిచి అడుగు," అన్నాను.

దుప్పటి కాస్త కిందికి లాగింది. "ఏడిగా ఉండాల. ఉప్పగా ఉండాల. వోసన రాకూడదు."

వేడిగా, ఉప్పగా, వాసన లేకుండా. రోజంతా జీపులో ఈ మూడు మాటలూ తలలో తిరుగుతూనే ఉన్నాయి. ఆ రోజు నా బండిలో ఒక కుటుంబం. వాళ్ల చిన్నపిల్ల ఆకలని ఏడుస్తుంటే తల్లి, "రూముకెళ్లగానే చీజ్ శాండ్‌విచ్ చేసేస్తా, చిటికెలో అయిపోద్ది," అని ఊరుకోబెట్టింది. నేను అద్దంలో ఆమెను చూసి అడిగాను. "అదెలా ఉంటుందమ్మా? ఉప్పగా ఉంటుందా?"

"ఉప్పగానే ఉంటుందన్నా. వేడివేడిగా తినాలి."

"వాసనొస్తుందా?"

ఆమె నన్ను వింతగా చూసింది. ఆ తర్వాత ఓపిగ్గా చెప్పింది. రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో చీజు. పెనం మీద సన్నని సెగ. పైన బరువు పెట్టి నొక్కాలి, మూత పెట్టాలి. లోపల కరిగిందంటే అయిపోయినట్టే. "ఈ మలుపు తిరిగేలోపు అయిపోతుందన్నా. దీనికి వంట రావక్కర్లేదు."

సాయంత్రం రూము ఖాళీ చేశాక వాళ్లని అరకు స్టేషన్లో దింపాను. వెనక సీటు దులుపుతుంటే సగం బ్రెడ్డు, చీజు పొట్లం ఉన్న సంచి కనబడింది. ఫోను చేస్తే, రైలు కదిలిపోయింది, మీరే ఉంచుకోండన్నా, అంది ఆవిడ. నేను కల్పించినా ఇంతకంటే బాగా కుదరదు. కానీ జరిగింది ఇదే.

మా ఇల్లు డుంబ్రిగుడ దాటాక, నూనెగింజల వలిసె చేలకి ఆనుకుని. మా అని అన్నాను గానీ, అది అత్త ఇల్లు. నేను ఘాట్ కిందివాణ్ణి. పెళ్లయ్యాక మా ఆవిడ కొండ దిగనంది, నేనే ఎక్కాను. ఎక్కిన కొత్తలో నాకు కష్టమైంది ఒక్కటే, పాలు లేని టీ. మా అత్తవాళ్ల మనుషులు పాలు పితకరు. ఆవుని పెంచేది దున్నడానికి గిత్తలు కావాలని, పొలానికి ఎరువుగా గత్తం కావాలని. పాలు దూడవి. దూడ నోటి దగ్గరిది లాక్కుని మనిషి తాగడమంటే మా అత్త దృష్టిలో పసిపిల్ల చేతిలో కూడు లాక్కున్నట్టు. ఈ కాలం పిల్లలు టీకొట్ల దగ్గర పాలటీ తాగుతారు, సంతలో ఐస్‌క్రీం తింటారు. మా ఆవిడా తాగుతుంది, తల్లి లేని చోట. అత్త గడపలోపల మాత్రం నల్లటీ, బెల్లం.

నేను చీజు పొట్లంతో ఇంట్లో అడుగు పెట్టేసరికి దీపాల వేళ. అత్త పొయ్యి ముందు కూర్చుని చుట్ట కాలుస్తోంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా ఆవిడ గోడవారన చాప మీద పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి.

"వేడిగా, ఉప్పగా, వాసన లేకుండా ఉండేది తెచ్చాను," అని ఆ టూరిస్టావిడ చెప్పినదంతా పొల్లుపోకుండా వినిపించాను, సన్నని సెగ దగ్గర్నుంచీ నొక్కుడు దాకా. మా ఆవిడ ఒక కన్ను తెరిచింది. అది చాలు నాకు. పెనం కోసం చెయ్యి చాచాను.

అత్త చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె చుట్ట తీసిందంటే విషయం పెద్దదని అర్థం.

"ఏటి బావు అది?"

"చీజు అత్తా."

"సీజా. ఏటితో సేత్తారు?"

అప్పుడు పాలు అని చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కానీ నాకు ఆ మాట మీద వాదులాడే ఓపిక లేదు. అబద్ధానికి ఓపిక కావాలన్నాను కదా, ఒక్కోసారి నిజానికి ఇంకా ఎక్కువ కావాలి. నోరు దాని దారిన అది పోయింది.

"దుంప అత్తా. సీమదేశంలో కొండల మీద పండుతుంది. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఇలా రేకులు కోస్తారు."

అత్త ఒక రేకు అందుకుని దీపం ముందు పట్టుకుంది. "పసుపు దుంప లాగుంది. ఏ నెల్లో తవ్వుతారు?"

"మాఘంలో."

"ఎలుగొడ్డు పెకిలించీదేటి?"

"పెకిలించకేం అత్తా. అక్కడి ఎలుగులకి ఇదంటే ప్రాణం. ఊరికో డప్పు పెట్టి రాత్రంతా కాపలా కాస్తారు. ఒక ఎలుగయితే డప్పుకి భయపడటం మానేసి, డప్పు చప్పుడికి చిందు వేయడం మొదలెట్టిందట. కాపలావాళ్లు దాన్ని చూస్తూ నిలబడిపోతే దాని పెళ్లాం వెనకనుంచి చేను మొత్తం తవ్వేసింది."

చాప మీంచి చిన్న చప్పుడు వచ్చింది. దగ్గో నవ్వో తెలియలేదు.

అత్త నవ్వలేదు. రేకుని జాగ్రత్తగా పొట్లం మీద పెట్టేసింది. "అయితే కొత్త పంట."

"కొత్తదే అత్తా."

"మరి కొత్త సెయ్యకుండా ఎలగ తినీస్తారు?"

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. మా అత్తవాళ్లలో మామిడి వచ్చినా, సామలు వచ్చినా, చిక్కుడు వచ్చినా, ఆ పంట మొదటి పిడికెడు ఇంటిలోపల గతించిన పెద్దలకి అడ్డాకులో పెట్టాకే మనుషులు నోట పెట్టుకోవాలి. దాన్నే కొత్త అంటారు. అంతవరకూ కళ్ల ముందు చెట్టు నిండా కాయలున్నా ఎవరూ ముట్టరు. ఆ పెద్దల్లో ఇప్పుడు మా మామగారు కూడా ఉన్నారు. అత్త ఇంక ఏ విషయంలోనైనా దిగివస్తుంది గానీ దీంట్లో రాదు.

"సరే అత్తా, ఇప్పుడే పెట్టేద్దాం. ఒక ఆకు తీసుకురానా?"

"ఆకొక్కటేటి? ఇల్లు అలకాల. కోడిని కొయ్యాల. పెద్దోడు రావాల."

పెద్దోడంటే మా బావమరిది. జి.మాడుగుల అవతల ఉంటాడు. సంత రోజుకి గాని ఇటు రాడు.

"అత్తా, నీ కూతురికి ఇప్పుడు మందు వేయాలి. ఇప్పుడు తినాలి."

"నాకు తెలీదేటి? మరి ఇంకేటైనా పెట్టు. ఇన్నేల్లకి ఇంట్లోకి కొత్త పంటొచ్చింది, మీ మావకి పెట్టకుండా మన గుంట తినీసి ఏటైనా అయితే? ఉన్న జొరం సాలదేటి?"

ఆమె నన్ను ఏడిపించడం లేదు. చీజు దుంపే అయితే ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. నేను ఊరికో డప్పు పెట్టి మరీ పండించిన పంట, నేనే తినిపించలేకపోతున్నాను.

చాప మీంచి మా ఆవిడ గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఓయ్. ఎలుగొడ్లకి సెప్పీ కతలు మాయమ్మకి సెప్పకు. నిజం సెప్పీ బేగి. నాకు నీరసంగా ఉన్నాది."

చెప్పాను. గోడ వైపు చూస్తూ చెప్పాను. "అది దుంప కాదు అత్తా. పాలు. విరగ్గొట్టి, నీరంతా పిండేసి గట్టిపరుస్తారు."

అత్త పొట్లం వైపు వంగి చూసింది. పొయ్యిలో కట్టె చిటపటమంది.

"పాలా? ఎవల పాలు?"

"ఆవు పాలు."

"ఆ ఆవుకి దూడ నేదేటి?"

"ఉండే ఉంటుంది."

"మరదేటి తాగింది?"

గుహలో రాళ్లు ఎందుకు వేలాడుతున్నాయని అడిగితే చెప్పగలను. సొరంగంలో పెళ్లికొడుకు ఎలా మారాడంటే చెప్పగలను. ఈ ప్రశ్నకి నా దగ్గర అబద్ధం కూడా లేదు. పగలంతా నడిపిన అలసటతో పొట్లం నేలమీద పెట్టి చతికిలబడ్డాను.

అత్త కూతురి వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత చుట్ట నేలకి నొక్కి ఆర్పి లేచింది. పొట్లంలోంచి ఒక రేకు తీసి, ప్లాస్టిక్ కాగితం గోటితో గీరి ఒలిచింది. "రా బావు, దీపం పట్టు," అంది.

ఇంటి పక్కన పశువుల పాక. ఆవు, దాని పక్కన చలికి ముడుచుకున్న దూడ. అత్త దాని ముందు గొంతుక్కూర్చుని అరచెయ్యి చాచింది, చేతిలో పసుపురంగు రేకు.

"ఆ దూడ ఎక్కడుందో మనకి తెలీదు," అంది నాతో, దూడ మొహం మీంచి చూపు తిప్పకుండా. "దాని బదులు దీనికి పెడతన్నాను. దూడది దూడ ముందల తినాల. ఆ తరవాత మిగిలింది ఉంటే అడుక్కోవాల."

దూడ వాసన చూసింది. ముక్కు వెనక్కి లాక్కుంది. దూడ కాదంటే ఇంక మా ఇంట్లో అప్పీలు లేదు. ఆవు మెడ తిప్పి మా ముగ్గురినీ అనుమానంగా చూసింది. అప్పుడు దూడ నాలుక చాచి ఒకసారి నాకింది. ఉప్పు తగిలింది కాబోలు. మళ్లీ నాకింది, తర్వాత రేకూ అరచెయ్యీ మణికట్టూ అన్నీ కలిపి నాకడం మొదలుపెట్టింది. రేకు పోయాక కూడా అత్త చీర కొంగు వదల్లేదు.

"తినీసింది," అంది అత్త, కొంగు లాక్కుంటూ. "మిగిలింది ఇచ్చీసినట్టే. పద, లోపల గుంట ఆకలితో పడుకున్నాది."

లోపలికొచ్చి పని మొదలుపెట్టాను. గ్యాసు పొయ్యి మీద మంట ఎంత తగ్గించినా బ్రెడ్డుకి అది ఎక్కువే అనిపించి, కట్టెల పొయ్యిలో నిప్పులు పక్కకి లాగి, వాటిమీద పెనం పెట్టాను. వెన్న లేదు. వలిసె నూనె ఉంది. గుడ్డముక్కతో బ్రెడ్డుకి అటూ ఇటూ పలచగా రాశాను. ఆ నూనె వాసన మా ఆవిడకి పుట్టినప్పటినుంచీ ఎరిగినది, దానికి మొహం తిప్పదని నా నమ్మకం. ముక్క మీద రెండు రేకులు, దానిమీద ఇంకో ముక్క. పైన పళ్లెం బోర్లించి, దానిమీద పచ్చడి నూరే పొత్రం పెట్టాను. బొర్రాకి వంద ట్రిప్పులు వేసినవాడికి నిప్పు సంగతి తెలియకపోయినా బరువు సంగతి తెలుస్తుంది. బ్రెడ్డు సన్నగా చప్పుడు చేస్తూ, అంచులు తేనెరంగుకి తిరుగుతూ, లోపలి చీజు మెల్లగా బయటికి తొంగి చూస్తుంటే, పెద్ద హోటల్లో వంటవాళ్లు కూడా అలా తిప్పలేరన్నట్టు ఒక్క విసురుతో గాల్లో తిప్పి వేశాను. అది ఇంటి వాసాన్ని ముద్దు పెట్టుకుని సరిగ్గా పెనం మధ్యలో పడింది.

అడ్డాకులో పెట్టి చాప దగ్గరికి తీసుకెళ్లాను. మా ఆవిడ మోచేతి మీద లేచింది. వేళ్లు కాలి ఊదుకుంది. కొరికింది. ఆకులోని ముక్కకీ ఆమె నోటికీ మధ్య చీజు తీగ సాగింది, బారెడు. ఆమె తల వెనక్కి వంచింది, ఇంకా సాగింది. చెయ్యి చాచింది, ఇంకా సాగింది.

"పనసకాయ జిగురు లాగున్నాది," అంది, నోట్లో పెట్టుకునే. నవ్వింది. జ్వరం వచ్చాక అదే మొదటి నవ్వు.

"వోసనొస్తందేటి?" అని అడిగింది తల్లి.

"రానేదు. ఇంకోటుందా?"

ఇంకోటి తింది. మందు వేసుకుంది. మేమిద్దరం ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాం. వాంతి వస్తుందని చెంబు కూడా దగ్గర పెట్టుకున్నాం. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. ఆమె అటు తిరిగి పడుకుని నిద్రపోయింది. ఘాట్ దిగాల్సిన పని లేకుండా పోయింది.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. జీపులో ఎక్కినవాళ్లకి ఇక్కడే ఆపుతాను. కానీ ఒట్టు వేసి మొదలుపెట్టాను కాబట్టి, ఇందులో కల్పించిందేదో చెప్పుకోవాలి.

మీరు దూడ అనుకుంటున్నారు. కాదు. దూడ నిజం. అత్త అడిగిన ప్రశ్న నిజం, దానికి నేను నోరెళ్లబెట్టడం నిజం. సీట్లో దొరికిన సంచి కూడా నిజమే, ఎవరు నమ్మినా నమ్మకపోయినా. నేను కల్పించింది పెనం ముందు కూర్చున్న మనిషిని.

పాకలోంచి వచ్చాక నిప్పులు కాస్త నెమ్మదించాక పెనం పెడదామని పొయ్యి పక్క గోడకి చేరబడ్డాను. అంతవరకే నాకు గుర్తుంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామనుకున్నాను. తెరిచేసరికి ఎండ గుమ్మంలోంచి నా కాళ్ల మీద పడుతోంది. నా మీద దుప్పటి కప్పి ఉంది. చాప ఖాళీ. బయటికి పరిగెత్తితే మా ఆవిడ వాకిట్లో ఎండలో కూర్చుని గ్లాసుతో నల్లటీ తాగుతోంది.

శాండ్‌విచ్ చేసింది మా అత్త. టూరిస్టావిడ మాటలు నేను కూతురికి చెబుతుంటే ఈమె కూడా విందన్నమాట, చుట్ట కాలుస్తూ. వలిసె నూనె రాయడం ఆమె ఆలోచన, పొత్రం ఆమెది, నిప్పులు పక్కకి లాగింది ఆమె. పుట్టి బుద్ధెరిగాక పాలు ముట్టని మనిషి ఆ రేకులు ఒలిచి, కరిగించి, కూతురి నోటికి అందించి, తర్వాత బూడిద పెట్టి చేతులు తోముకుందట. ఇది మా ఆవిడ చెప్పింది. మొదటిది మాడిపోయిందని కూడా చెప్పింది. అత్తని అడిగితే ఏదీ మాడలేదంటుంది. పొయ్యి పక్కన నల్లటి ముక్కలు నేను చూశాను.

"నన్ను లేపొచ్చు కదా అత్తా," అన్నాను.

చుట్ట తీసింది. "లేపితే నువ్వు కత మొదలెడతావు బావు. గుంట ఆకలితో ఉన్నాది."

అదీ సంగతి. వాసాన్ని ముద్దు పెట్టుకోవడం అవీ ఏమీ లేవు. చీజు ఎంత సాగిందే అని మా ఆవిడని అడిగాను. రెండు వేళ్లు విడదీసి చూపించింది. బారెడు అని రాసింది నేను. ఆమె నవ్విందా అని అడిగితే గుర్తులేదంది, ఆకలిగా ఉన్నప్పుడు ఎవరు గమనిస్తారంది. అది కూడా నేను పెట్టిందే అనుకోండి.

మందు కడుపులో నిలిచిన మాట మాత్రం నిజం. అది నేను చూడలేదన్న మాటా నిజమే.